బంతిలో ఖాళీ ఆకు

పోయిన వారం జహీరున్నీసాను సూపరింటెండెంటు గది గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. చేతిలో అచ్చయిన వార్షిక నివేదిక, పాదాలకు నల్లరేగడి దుమ్ము, కళ్లలో నిప్పులు. వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది పాపం. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని లోపలికి వెళ్దాం. ఆమె ఎక్కువసేపు ఆగేటట్టు లేదు.

చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో కొండ్రుపాలెం అనే ఊళ్లో సర్కారువారి మిరప పరిశోధన క్షేత్రం ఉంది. జహీరున్నీసా అక్కడ పరిశోధన సహాయకురాలు. బాపట్లలో వ్యవసాయం చదువుకుని వచ్చి ఈ ఉద్యోగంలో చేరి ఆరేళ్లు. చేరిన మొదటి ఏడే క్షేత్రంవాళ్లు అచ్చువేసిన కరపత్రం ఒకటి ఇంటికి పట్టుకెళ్లి తండ్రి నాగూర్ వలికి చదివి వినిపించింది. పశువుల ఎరువులూ గొర్రెల మందలూ పాతకాలపు పద్ధతులనీ, ఎకరానికి ఇంత అమోనియా, అదే బస్తాల్లో వచ్చే రసాయనపు ఎరువు, చల్లితే చాలు కాపు రెట్టింపవుతుందనీ, మా క్షేత్రంలో పండించి చూశామనీ అందులో ఉంది. చదువుకున్న కూతురు, చేతిలో సర్కారు కాగితం. ఇంకేం కావాలి ఆ తండ్రికి? ఏటా రాత్రిళ్లు చేలో గొర్రెల్ని కట్టి నేలకు ఎరువిచ్చే మందవాళ్లు ఆ వేసవి వస్తే ఇక రావద్దని పంపించేశాడు.

మొదటి ఏడు పైరు కళకళలాడింది. రెండో ఏడు తగ్గింది. మూడో ఏడు నేల బిగిసిపోయి, చేనంతా ఆకుముడత తెగులు తగిలి, మూడెకరాల మిరప కోతకు రాకుండానే పోయింది. నాగూర్ వలి కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

ఆ కసితో మొదలుపెట్టింది ఈ పరీక్ష. క్షేత్రం తూర్పు చివర పన్నెండు మళ్లు. నాలుగింటికి అమోనియా ఒక్కటే. నాలుగింటికి పశువుల ఎరువు, పిల్లిపెసర పెంచి నేలలో కలియదున్నిన పచ్చిరొట్ట. మిగిలిన నాలుగింటికి ఏమీ వేయకూడదు. ఏమీ వేయని మడిలో ఎంత పండుతుందో తెలిస్తేనే కదా, వేసిన ఎరువు ఎంత పండించిందో తేలేది. మూడేళ్లు ఎండనకా వాననకా ఆ మళ్ల గట్ల మీదే బతికింది. ఆ మూడేళ్ల కష్టానికీ నివేదికలో దక్కింది ఒక్క వాక్యం. ‘ఈ పరీక్షలోని అంకెలు నమ్మదగినవిగా లేనందున వదిలివేయడమైనది.’

అంతేనా? రేపు పొద్దున హైదరాబాదు నుంచి డైరెక్టరుగారు వస్తున్నారు. ఆయన చేతుల మీదుగా కొత్త ట్రాక్టరు ఆ పన్నెండు మళ్లనూ ఒక్కటిగా దున్నేస్తుంది. అక్కడ అమోనియా ప్రదర్శన క్షేత్రం వస్తుంది. ఆ మళ్లతో పాటు నాగూర్ వలి చేను ఎందుకు పోయిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యం కూడా పోతుంది.

ఇక పదండి లోపలికి.

“కూర్చో అమ్మాయ్,” అన్నాడు భుజంగరావు.

సూపరింటెండెంటు భుజంగరావు గొంతు పెంచే మనిషి కాదు. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్లను కుర్చీలోకి కుదెయ్యగలడు. బల్ల మీద వక్కపొడి డబ్బీ, పక్కన ఫైళ్లు. ఏడేళ్లుగా ఆ కుర్చీ ఆయనదే.

“కూర్చోను. నా అంకెలు నమ్మదగినవి కావని రాసింది ఎవరు సార్?”

“నేనే రాశాను. మజ్జిగ తాగుతావా? ఎండన పడి వచ్చావు.”

“ప్రతి కోతా నా కళ్లముందు కోయించాను. ప్రతి బస్తా నా చేత్తో తూచాను. ఒక్క మడి తూకం కూడా ఇంకొకరికి వదల్లేదు. జ్వరమొచ్చిన రోజున కూడా కంబళి కప్పుకుని వచ్చి కాటా దగ్గర నిలబడ్డాను. ఇవి నమ్మకపోతే ఈ క్షేత్రంలో ఇంకెవరి అంకెలు నమ్ముతారు?”

భుజంగరావు సొరుగు లాగి ఒక పుస్తకం తీశాడు. ఆమె తూకాల పుస్తకమే. కావలసిన పేజీలో ముందే కాగితం ముక్క పెట్టి ఉంది.

“ఇది నీ దస్తూరీయేనా?”

“నాదే.”

“ఈ ఏటి మొత్తం చదువు. అమోనియా మడి?”

“నలభై నాలుగు కిలోలు.”

“నీ పశువుల ఎరువు?”

“నలభై ఒకటి.”

“ఏమీ వేయనిది?”

జహీరున్నీసా చదవలేదు. ఆమెకు ఆ అంకె కంఠతా వచ్చు.

“నేను చదువుతాను. ముప్పై ఏడు,” అన్నాడాయన. “మూడో ఏడు అమ్మాయ్. మూడేళ్లుగా గంప ఎరువు లేదు, గుప్పెడు అమోనియా లేదు, పైనుంచి పడ్డ వాన తప్ప నీళ్లు లేవు. అయినా ముప్పై ఏడు కిలోలు. ఊళ్లో ఎరువు తోలుకున్న రైతుకే అంత రావడం లేదు. ఏమీ వేయకుండానే ఇంత పండితే ఇక ఎరువెందుకు, నువ్వెందుకు, నేనెందుకు?”

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. అయితే ఈ ప్రశ్న పోయినేడు ఆమెకూ వచ్చింది. వచ్చినప్పుడు నల్లరేగడి సత్తువ అలాంటిదిలే అని సర్దిచెప్పుకుంది. అలా అనుకోవడం ఆమెకు ఇష్టంగా ఉంది. ఇష్టంగా ఉంది కనకే తవ్వి చూడలేదు.

“అంటే దొంగ అంకెలు రాశానంటారా?”

“నేననను. రేపు డైరెక్టరుగారు అంటారు. ఆయనకు నాకున్నంత ఓపిక లేదు.” ఫైలు కింది నుంచి టైపు చేసిన కాగితం తీసి ఆమె వైపు జరిపాడు. “తూకాల్లో నా వల్ల పొరపాటు జరిగింది, విచారిస్తున్నాను. అంతే ఉంది ఇందులో. సంతకం పెట్టెయ్. ఒంగోలు విత్తనాల డిపోలో ఖాళీ ఉంది, అక్కడికి వేయిస్తాను. ఆడపిల్లవి, ఈ ఎండల్లో ఎన్నాళ్లు తిరుగుతావు? నీ మంచి కోరి చెప్తున్నాను. నీకెప్పుడన్నా చెడు చేశానా?”

నిజమే, నిన్నటిదాకా ఆమె కూడా ఆయన మంచివాడనే అనుకుంది. ప్రతి ఏడూ మే నెలలో, అడక్కుండానే నెల రోజులు సెలవిచ్చి ఇంటికి పంపేవాడు. అమ్మానాన్నల దగ్గర ఉండి రామ్మా, ఇక్కడ ఖాళీ పొలాల్లో ఏముందిలే అనేవాడు. అలాంటి సెలవు ఆ ఆఫీసులో ఇంకెవరికీ దొరికేది కాదు.

“నా తూకం తప్పు కాదు,” అంది జహీరున్నీసా. “ఆ ముప్పై ఏడు ఎలా వచ్చిందో సాయంత్రంలోగా చెప్తాను. చెప్పలేకపోతే సంతకం పెడతాను.”

“అలాగే కానీ. కల్లం దగ్గరికి నేనే వస్తాలే,” అని వక్కపొడి డబ్బీ మూత తీశాడు భుజంగరావు.

కల్లంలో క్షేత్రంలోని మిగతా చేల ఆఖరి కోత కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఏప్రిల్ ఎండకు ఆ ఘాటు రోడ్డు దాకా కొడుతోంది. ఎనిమిది మంది ఆడవాళ్లు కొంగులు ముక్కులకు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. తాలుకాయ అంటే ఎండి తెల్లబోయిన కాయ, బస్తాలో ఒకటి కనిపిస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మేస్త్రీ పేరయ్య బస్తాలకు మూతి కుడుతున్నాడు.

పేరయ్య గురించి ఒక మాట. ఈ క్షేత్రంలో పదకొండేళ్లుగా మేస్త్రీ. పదకొండేళ్లుగా టెంపరరీ. పర్మనెంటు చేసే ఫైలు గుంటూరు వెళ్లి, హైదరాబాదు వెళ్లి, తిరిగి భుజంగరావు బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఒక్క సంతకం తరువాయి. అందుకని పెద్దయ్యగారి చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పేరయ్య భుజం మీది తువ్వాలు చంకలోకి దిగిపోతుంది. పదకొండేళ్లలో అది ఎన్నిసార్లు దిగిందో ఆ తువ్వాలుకే తెలియాలి.

జహీరున్నీసా నేరుగా అతని ముందుకు వెళ్లి నిలబడింది.

“పేరయ్యా, ఖాళీ మళ్ల బస్తాల్లో వేరే మళ్ల కాయ కలిపావా?”

పేరయ్య చేతిలో దబ్బనం ఆగింది. “ఏంటండీ ఆ మాట?”

“సూటిగా అడుగుతున్నా. కలిపావా లేదా? కలపమని ఎవరన్నా చెప్పారా?”

“కోసేటప్పుడు మీరున్నారు, తూచేటప్పుడు మీరున్నారు. నేను కలిపేదెప్పుడండీ?”

“మరి ఏమీ వేయని మడిలో ముప్పై ఏడు కిలోలు ఎలా పండాయి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? నన్ను దొంగంటున్నారు అక్కడ. మూడేళ్లు నీ మీద నమ్మకం పెట్టుకుని తిరిగాను. నువ్వే నా కొంప ముంచావా?”

పేరయ్య తల వంచుకున్నాడు. ముఖం మాడిపోయింది. కాయలేరే చేతులన్నీ ఆగిపోయాయి. ఆ వరసలోంచి సుబ్బరావమ్మ లేచింది. యాభై ఏళ్ల మనిషి, గొర్రెలు కాసే ఇంటి ఆడపడుచు, ఆ కూలీలందరికీ పెద్దదిక్కు. మూతికి కట్టుకున్న కొంగు విప్పుకుంది.

“ఆయన్నెందుకంటారు అమ్మాయిగారూ. పెట్టింది మేం.”

“ఏం పెట్టారు?”

“ఎరువు. ఆ నాలుగు మళ్లకీ.”

జహీరున్నీసాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి తల తిప్పి తూర్పు చివర మళ్ల వైపు చూసింది.

“ఏ ఎరువు? ఎవరిది?”

“సర్కారుది ఒక్క తట్ట కూడా ముట్టుకోలేదు, మా ఒట్టు. మా ఇళ్ల పెంటకుప్పల్లోదే. పనికొచ్చేటప్పుడు తలా ఒక గంప తెచ్చేవాళ్లం. మడికి పది గంపలు, ఏటేటా తొలకరి ముందు. మీరు అన్నానికెళ్లినప్పుడు చల్లేసి మట్టి కప్పేవాళ్లం.”

“నేను వద్దన్నాను కదా. వాటికి ఏమీ వెయ్యొద్దని ఒకటికి పదిసార్లు చెప్పాను కదా.”

“చెప్పారు. మీరు చెప్పారు గానీ మా మనసు ఒప్పద్దా? పన్నెండు మళ్లనీ ఒక్క బంతిలో కూర్చోబెట్టినట్టు వరసగా వేశారు. వాటికి వడ్డించి, వీటి ఆకులు ఖాళీగా వదిలేశారు. ఏ ఇంట్లో అయినా బంతిలో అట్టా చేస్తారా? పక్కవాళ్లు తింటుంటే అవి చూస్తా కూర్చోవాలా? మీరు అన్నం తినే టయానికి వాటికి మేం పెట్టాం.”

జహీరున్నీసా చేతిలోని నివేదికను నేలకేసి కొట్టింది. అది కాయల మీద పడి జారి కింద పడింది.

“సుబ్బరావమ్మా, నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా? ఆ మడి ఆకలితో ఉంటేనే నా లెక్క నిలబడేది. ఆకలి ఎంతో కొలవడానికే దాన్ని అలా ఉంచాను. నీ జాలి నా మూడేళ్లను మింగేసింది. రేపు నన్ను పదిమందిలో నిలబెట్టి దొంగ అంకెలు రాసిందంటారు. మా నాన్న చేను ఎందుకు పోయిందో ఇక ఎప్పటికీ ఎవరికీ చెప్పలేను. మీ పది గంపలతో దాన్ని పూడ్చిపెట్టేశారు.”

“ఆ మాట ఇయ్యాళ చెప్తున్నారు,” అంది సుబ్బరావమ్మ. చూపు దించలేదు. “మూడేళ్లలో ఏనాడన్నా చెప్పారా, ఎందుకు వెయ్యొద్దో? వెయ్యొద్దు అన్నారు, పోయారు. మీకు ఎరువు చాల్లేదేమో, పైవాళ్లు ఇవ్వలేదేమో, చెప్పుకోలేక వద్దంటన్నారేమో అనుకున్నాం. చెప్పుంటే ముట్టుకుంటామా?”

ఈ మాట తగలవలసిన చోటే తగిలింది. మందు పేర్లూ మోతాదులూ పుస్తకం నిండా రాసుకుంది జహీరున్నీసా. ఆ మళ్లలో వంగి పనిచేసే ఎనిమిది మందిని కూర్చోబెట్టి, ఇదిగో ఇందుకు ఇది ఖాళీగా ఉండాలి అని అయిదు నిమిషాలు చెప్పలేదు. చదువుకున్నదాన్ని, చెప్తే చేస్తారులే అనుకుంది. వాళ్లింట్లో కూడా అన్నాలకు గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిస్తే ఎవరి పళ్లెమూ ఖాళీగా ఉండేది కాదు. అయినా ఈ సంగతి ఆమెకు తట్టనేలేదు. ఇప్పుడు తన మీద తనకే ఎంత కోపం వచ్చిందంటే, అది సుబ్బరావమ్మ మీద ఉన్న కోపాన్ని మించిపోయింది.

సుబ్బరావమ్మ ఊరుకోలేదు. మొదలుపెట్టాక ఆపే మనిషి కాదు.

“మీరు మాత్రం న్యాయం చూడండి. అటు పక్క అమోనియా మళ్లు మంద మీద పండాయి. ఇటు పక్క మీ మళ్లు పెంట తిని పండాయి. నడిమిన ఇవే కదా నోరు తెరుచుకుని కూర్చున్నాయి. ఏం పాపం చేసుకున్నాయవి?”

“నీ న్యాయం నువ్వే ఉంచుకో. నా ఉద్యోగం పోతే...” అని జహీరున్నీసా ఆగింది.

ఆగి, ఒక అడుగు ముందుకు వేసింది. గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది.

“ఏమన్నావు? అమోనియా మళ్లు దేని మీద పండాయి?”

“సుబ్బరావమ్మా, నోర్ముయ్,” అన్నాడు పేరయ్య.

“నేను అడిగింది ఆమెను,” అంది జహీరున్నీసా. “ఏ మంద?”

సుబ్బరావమ్మ పేరయ్య వైపు చూసింది, జహీరున్నీసా వైపు చూసింది. తను ఏదో తప్పు మాట అన్నానని అప్పుడు తెలిసింది ఆమెకు. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంటా వంటా లేదు.

“మా తమ్ముడు వెంకయ్య మందండి. నూట ఎనభై గొర్రెలు. తొమ్మిదేసి రాత్రులు కట్టించారు ఆ నాలుగు మళ్లలో. పెద్దయ్యగారే కబురంపేవారు. దాని మీద దున్ని, ఆ తర్వాత అమోనియా చల్లేవాళ్లం. మీకు తెలుసనుకున్నాం గదా.”

“ఎప్పుడు కట్టారు?”

“మే నెలలో. మీరు ఇంటికెళ్లినప్పుడు.”

జహీరున్నీసా నేల మీద పడ్డ నివేదికను తీసి, దుమ్ము దులిపి, ఎందుకు దులుపుతోందో తెలియక మళ్లీ దులిపింది. ఇంటికి వెళ్లి అమ్మానాన్నల్ని చూసుకోమన్న ఆ మనిషి మంచితనం ఆమె చెవుల్లో గింగురుమంది. ఆయనకు ఎన్నిసార్లు నమస్కారం పెట్టింది. పోయినేడు సెలవు నుంచి వస్తూ తల్లి చేసిన సేమియా డబ్బాకెత్తి తెచ్చి ఆయన ఇంట్లో ఇచ్చింది కూడా.

“పేరయ్యా, నీకూ తెలుసు.”

పేరయ్య బస్తా మీద కూర్చుండిపోయాడు.

“మూడేళ్లు ప్రతి రోజూ నా పక్కన నిలబడ్డావు. నేను అంకెలు చదువుతుంటే విన్నావు. అమోనియా మడి మళ్లీ గెలిచింది పేరయ్యా అని నేను ఏడుపు మొహం పెడితే, పోన్లెండమ్మా అన్నావు.”

“నా ఫైలు ఆయన బల్ల మీదుందండి,” అన్నాడు పేరయ్య చిన్నగా. “పిల్లది పెద్దదైంది. ఈ వయసులో వెళ్లగొడితే ఎక్కడికి పోనండి? మిమ్మల్ని చూసినప్పుడల్లా చెప్పాలనిపించేది. ఆయన ఎదర పడితే నాలుక మడత పడిపోయేది.”

తిట్టాలనుకుంది. నోటి దాకా వచ్చింది. ఆ మనిషి కూర్చున్న తీరు చూసి మింగేసింది. అక్కడ తిట్టవలసినవాడు వేరే ఉన్నాడు. ఆయన గొడుగు వేసుకుని కాలిబాట వెంట నింపాదిగా వస్తున్నాడు కూడా.

పేరయ్య గబుక్కున లేచాడు. తువ్వాలు చంకలోకి దిగింది.

జహీరున్నీసా సుబ్బరావమ్మ దగ్గరికి జరిగి, ఇందాకటి గొంతు కాదు, వేరే గొంతుతో అడిగింది.

“ఇప్పుడు నేను నిజం చెప్తే నీ పేరు కూడా చెప్పాలి. మీరు పెట్టిన ఎరువు దాచి, ఆయన కట్టించిన మంద ఒక్కటే బయటపెడితే నేనూ ఆయనలాంటిదాన్నే అవుతాను. చెప్తే మీ ఎనిమిది మందికీ రేపటి నుంచి ఇక్కడ పని ఉండదేమో. ఏం చెయ్యమంటావు?”

సుబ్బరావమ్మ విప్పిన కొంగు నడుముకు బిగించుకుంది.

“మా పెంటే గదా, దొంగసొత్తు కాదు గదా. చెప్పండి,” అంది.

భుజంగరావు వచ్చి గొడుగు మూశాడు. జేబులోంచి టైపు కాగితం, పెన్ను తీశాడు.

“ఏమ్మా, తెలిసిందా?”

“తెలిసింది సార్. ఖాళీ మళ్లలో ఎరువు పడింది. మూడేళ్లూ పడింది. ఆ అంకెలు పనికిరావు. మీరు రాసింది నిజమే.”

ఆయన ఇది అనుకోలేదు. కనుబొమలు పైకి లేచాయి. ఆ వెంటనే ముఖం వికసించింది.

“చూశావా మరి. ఊరికే నా మీదికి లేచావు. ఎవరు వేశారు?”

“కూలీలు. జాలిపడి వేశారు. ఎందుకు వేయకూడదో వాళ్లకు నేను చెప్పలేదు. తప్పు నాది.”

“పేర్లు చెప్పు. రేపు డైరెక్టరుగారికి చూపించాలి. ఆ మళ్లలో ఎవరెవరు ఏమేం వేశారో కాగితం మీద రాసిచ్చి కింద సంతకం పెట్టు. నీ ఉద్యోగానికి నేను పూచీ.”

“అలాగే సార్. పెన్ను ఇవ్వండి.”

బస్తా మీద నివేదిక బోర్లించి, దాని వెనక అట్ట మీద రాయడం మొదలుపెట్టింది. రాస్తూ పైకే చదివింది. అందరికీ వినిపించేలా చదివింది.

“ఖాళీ మళ్లు నాలుగు. మడికి పది గంపల పశువుల ఎరువు. వేసినవారు సుబ్బరావమ్మ, ఆమెతో పాటు ఏడుగురు. వేయనిచ్చినది జహీరున్నీసా. అమోనియా మళ్లు నాలుగు. మూడేళ్లూ మే నెలలో తొమ్మిదేసి రాత్రులు, నూట ఎనభై గొర్రెల మంద. కట్టినవాడు వెంకయ్య. కట్టించినవారు...”

ఇక్కడ తలెత్తి చూసింది.

“పూర్తి పేరు రాయనా సార్, హోదా ఒక్కటి చాలా?”

భుజంగరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంతలోనే సర్దుకున్నాడు. ఎంతైనా ఏడేళ్ల కుర్చీ కదా.

“ఏం వాగుతున్నావు? నేను ఖాళీ మళ్ల సంగతి అడిగాను.”

“మీరు ఆ మళ్లలో ఎవరెవరు ఏమేం వేశారో రాయమన్నారు. పన్నెండూ ఒకే బంతి సార్. కొందరికి రాసి కొందరికి రాయకపోతే తప్పట. ఇప్పుడే నేర్చుకున్నాను.”

“కూలీది ఏదో కూసిందని సర్కారు ఆఫీసరు మీద నింద వేస్తావా? సాక్ష్యమేదీ?”

“మా తమ్ముడున్నాడండి,” అంది సుబ్బరావమ్మ. “రేపు పొద్దున రమ్మంటే వస్తాడు. మందని కూడా తోలుకురమ్మంటే తోలుకొస్తాడు. ఆ గొర్రెలకి దారి బాగా అలవాటే.”

ఎవరో ఆడమనిషి కొంగు చాటున కిసుక్కున నవ్వింది. భుజంగరావు ఆ నవ్వు వచ్చిన వైపు చూశాడు. ఏడేళ్లలో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

“గొర్రెలవాడూ, గంప మోసేదీ, నిన్న గాక మొన్న వచ్చిన ఆడపిల్లా. వీళ్ల మాట వింటాడా డైరెక్టరు? ఒరేయ్ పేరయ్యా, ఇటు రా. ఈ క్షేత్రానికి మేస్త్రీవి నువ్వు. నీ మాటకు విలువుంది. నీ ఫైలు మీద పొద్దున్నే సంతకం పెడదామని పైకి తీసి పెట్టాను. చెప్పు. అమోనియా మళ్లలో మంద కట్టారా?”

పేరయ్య ముందుకు వచ్చాడు. పెద్దయ్యగారి ముఖం చూశాడు. టైపు కాగితం చూశాడు. బస్తా మీద వంగి, పెన్ను పట్టుకుని తన కోసం ఆగిన జహీరున్నీసాను చూశాడు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అది మిరప ఘాటు కావచ్చు, కాకపోవచ్చు.

పేరయ్య చంకలోంచి తువ్వాలు తీశాడు. ఒకసారి దులిపాడు. మడత పెట్టి భుజం మీద వేసుకున్నాడు.

“కట్టామండి,” అన్నాడు. “ఈ మూడేళ్లే కాదు. తమరు వచ్చిన ఏడు నుంచీ కడతానే ఉన్నాం. ఆ కరపత్రం అచ్చేశారు చూడండి, ఊరూరా పంచింది, ఆ పంట కూడా మంద మీద పండిందేనండి.”